పాడైన పీఎస్4ని బాగు చేయించాలా, మరొకటి కొనాలా?

సోనీ కంపెనీ వీడియో గేమ్ యంత్రం ప్లేస్టేషన్ 4 (పీఎస్4) మన దేశంలో అమ్మకానికి వచ్చినది 2014 జనవరిలో. అప్పటి ధర 39,990 రూపాయలు. ఆ తొలి విడతలో కొన్న యంత్రాలకు పదేళ్లు దాటిపోయాయి. 2016 చివరలో వచ్చిన స్లిమ్, ప్రో నమూనాలు కూడా ఇప్పుడు మొరాయించే వయసుకు వచ్చాయి. అందుకే ఈ మధ్య బంధువుల ఇళ్లకు వెళ్లినప్పుడల్లా నాకు ఎదురవుతున్న ప్రశ్న ఒకటే: "మా పీఎస్4 పనిచేయడం లేదు, బాగు చేయించమంటారా, పీఎస్5 కొనెయ్యమంటారా?" దీనికి చాలామంది చెప్పే జవాబు, మరమ్మతు ఖర్చు కొత్తదాని ధరలో సగం దాటితే కొత్తది కొనమని. ఆ లెక్క వాషింగ్ మెషీన్‌కు సరిపోతుందేమో గానీ గేమింగ్ కన్సోల్‌కు, అంటే ఇలా టీవీకి కలిపి ఆడుకునే యంత్రానికి, సరిపోదు. ఫ్రిజ్ మార్చినప్పుడు లోపలి కూరగాయలను కొత్త ఫ్రిజ్‌లో సర్దుకుంటాం. కన్సోల్ మార్చినప్పుడు మాత్రం ఏళ్ల తరబడి ఆడిన ఆటల సేవ్‌లు (ఆటలో ఎంతవరకు వచ్చామో దాచిపెట్టే ఫైళ్లు), డబ్బు పెట్టి కొనుక్కున్న డిస్కులు కొత్తదానిలోకి వస్తాయో రావో ముందే చూసుకోవాలి. కాబట్టి ధర అడగడానికి ముందు తేల్చుకోవలసినవి రెండున్నాయి: పాడైనది ఏ భాగం, ఆ యంత్రంతో పాటు మనం పోగొట్టుకునేది ఏమిటి.

ముందు లోపం ఎక్కడుందో తెలియాలి

దుకాణానికి తీసుకెళ్లే ముందు ఇంట్లోనే ఒక గంట కేటాయించి చేసుకోదగిన పరీక్షలు కొన్ని ఉన్నాయి. టీవీలో బొమ్మ రావడం లేదంటే, మొదట మరో హెచ్‌డీఎంఐ కేబుల్‌తో (కన్సోల్‌ను టీవీకి కలిపే తీగ), తరువాత మరో టీవీతో ప్రయత్నించాలి. ఈ చిన్న పని చేయకుండా కన్సోల్‌ను దుకాణానికి మోసుకెళ్లి, అక్కడ చక్కగా పనిచేస్తుంటే తిరిగి తెచ్చుకున్నవారిని నేను చూశాను. తరువాత కన్సోల్ మీది సూచిక దీపాన్ని గమనించాలి. నీలం వెలుగు కాసేపు మిణుకుమని, తెల్లగా మారి స్థిరంగా నిలిచి, బొమ్మ మాత్రం రాకపోతే, లోపం చాలావరకు హెచ్‌డీఎంఐ పోర్టులోనో, దాని వెనుక బొమ్మను పంపే చిప్‌లోనో ఉంటుంది. ఎర్రగా వెలిగితే అది వేడి ఎక్కిందని యంత్రమే చెబుతున్న మాట. దీపం అసలు వెలగకపోతే పవర్ సప్లైని అనుమానించాలి. నీలం వెలుగు అదేపనిగా మిణుకుతూ, తెలుపుకు మారకుండానే ఆరిపోతే మాత్రం తొందరపడి ఒక నిర్ణయానికి రాకూడదు. హార్డ్ డిస్క్ పాడైనా, పవర్ సప్లై బలహీనపడినా, ప్రధాన ప్రాసెసర్ దెబ్బతిన్నా అదే లక్షణం కనిపిస్తుంది. ఈ మూడింటిలో మొదటి రెండు నయమయ్యేవి, మూడోది దాదాపుగా కానిది.

వీటిని వేరుచేయడానికి సేఫ్ మోడ్, అంటే మరమ్మతు పనుల కోసం కన్సోల్‌ను తెరిచే ప్రత్యేక పద్ధతి, ఉపయోగపడుతుంది. కన్సోల్ ఆపి ఉన్నప్పుడు పవర్ బటన్‌ను నొక్కి పట్టుకుంటే ఒక బీప్, ఏడు సెకన్ల తరువాత మరో బీప్ వినిపిస్తాయి. ఆ రెండో బీప్ విన్నాక వేలు తీయాలి. అప్పుడు తెర మీద జాబితా కనిపించిందంటే ప్రాసెసర్, మెమరీ, హెచ్‌డీఎంఐ మూడూ ప్రాణంతో ఉన్నాయని చాలావరకు ధైర్యం తెచ్చుకోవచ్చు. ఆ జాబితాలో, చేత్తో పట్టుకుని ఆడే కంట్రోలర్‌ను యూఎస్‌బీ కేబుల్‌తో కలిపి, డేటాబేస్‌ను తిరిగి కట్టే 'రీబిల్డ్ డేటాబేస్' ఎంచుకోవచ్చు. దానివల్ల సేవ్‌లు పోవు. దాని కింద కనిపించే 'ఇనిషియలైజ్' మాత్రం అన్నిటినీ తుడిచేస్తుంది కనుక, సేవ్‌లు వేరే చోట భద్రంగా ఉన్నాయని తెలిసే వరకు దాని జోలికి వెళ్లకూడదు. సిస్టమ్ స్టోరేజ్ అందడం లేదంటూ సీఈ-34335-8 అనే సంఖ్య కనిపిస్తే కన్సోల్‌కు హార్డ్ డిస్క్ కనబడటం లేదని అర్థం, అంటే ఖర్చు తక్కువలో తేలే జబ్బు.

ఇంకొక మాట. ఆటలోని పాత్ర తనంతట తాను ఒక పక్కకు జరిగిపోతుంటే అది కన్సోల్ లోపం కాదు, కంట్రోలర్‌లోని స్టిక్ అరిగిపోయిందని గుర్తు. కంట్రోలర్ కోసం కన్సోల్ మార్చే ఆలోచన చేయకూడదు.

బాగు చేయించడమే మేలైన సందర్భాలు

హార్డ్ డిస్క్ పోయిన పీఎస్4ను పక్కన పెట్టి కొత్త కన్సోల్ కొనడం గోటితో పోయేదానికి గొడ్డలి ఎత్తడమే. పీఎస్4లో ఉండేది మామూలు ల్యాప్‌టాప్‌లో వాడే రెండున్నర అంగుళాల సాటా డిస్క్, మందం 9.5 మిల్లీమీటర్లు మించకుండా ఏ కంపెనీది తెచ్చుకున్నా పనిచేస్తుంది. మార్చుకునే పద్ధతిని సోనీ సంస్థే తన సూచనల పుస్తకంలో వివరించింది కాబట్టి ఇందులో వారంటీ పోతుందనే భయం కూడా లేదు. కంప్యూటర్‌లో పెన్‌డ్రైవ్ మీద 'పీఎస్4' అనే ఫోల్డరు, దాని లోపల 'అప్‌డేట్' అనే ఫోల్డరు పెద్ద ఇంగ్లీషు అక్షరాలతో తయారు చేసి, సోనీ వెబ్‌సైట్‌లో దొరికే పూర్తి రీఇన్‌స్టాలేషన్ ఫైలును అందులో పెట్టి, సేఫ్ మోడ్ నుంచి ఎక్కించుకోవాలి. అప్‌డేట్ ఫైలు వేరు, పూర్తి రీఇన్‌స్టాలేషన్ ఫైలు వేరు. కొత్త డిస్క్‌కు రెండోదే కావాలి. ఎలాగూ మారుస్తున్నప్పుడు పాత తరహా హార్డ్ డిస్క్‌కు బదులు ఎస్‌ఎస్‌డీ (చిప్పులతో చేసిన, వేగంగా చదివే డిస్క్) పెట్టించుకుంటే ఆటలు తెరుచుకునే సమయం స్పష్టంగా తగ్గుతుంది, యంత్రం మొదటి రోజుకన్నా చురుకుగా కనిపిస్తుంది.

హెచ్‌డీఎంఐ పోర్టు విరగడం పీఎస్4లోనూ పీఎస్5లోనూ తరచుగా చూసే లోపం. ఆ చిన్న రంధ్రంలో పందొమ్మిది పిన్నులుంటాయి. కేబుల్ తగిలించి ఉండగానే కన్సోల్‌ను జరిపినా, పిల్లలు తీగ మీద కాలు వేసినా వాటిలో ఒకటో రెండో వంగిపోతాయి, లేదా పోర్టు మొత్తం ప్రధాన సర్క్యూట్ బోర్డు (మదర్‌బోర్డు) నుంచి లేచిపోతుంది. విడి పోర్టు ఖరీదైనది కాదు. మనం ఇచ్చేది దాన్ని అతికించే చేతి నైపుణ్యానికి. హాట్ ఎయిర్ యంత్రం, భూతద్దం లేదా మైక్రోస్కోపు ఉన్న పనివారికి ఇది రోజూ చేసే పని. అయితే వానాకాలంలో పిడుగు పడ్డ రాత్రి తరువాత బొమ్మ పోయిందంటే మాత్రం పోర్టును ఒక్కదాన్నే నమ్ముకోకూడదు. కేబుల్ టీవీ తీగ ద్వారా వచ్చిన విద్యుత్ ఘాతం టీవీని దాటి, హెచ్‌డీఎంఐ తీగ వెంట కన్సోల్‌లోని చిప్‌ను కాల్చేసి ఉండవచ్చు. అదీ మార్చదగినదే గానీ, పని కష్టం, ఖర్చు ఎక్కువ, చేయగలిగినవారు తక్కువ.

పవర్ సప్లై పీఎస్4లో లోపలే ఒక విడి పెట్టెగా ఉంటుంది కనుక దాన్ని మొత్తంగా తీసి మరొకటి పెట్టవచ్చు. నమూనాను బట్టి దాని పిన్నుల సంఖ్య మారుతుంది. కాబట్టి కన్సోల్ వెనుక స్టిక్కరు మీద 'సీయూహెచ్' అనే అక్షరాలతో మొదలయ్యే నమూనా సంఖ్యను రాసుకుని వెళ్లాలి. ఆ పెట్టెను ఇంట్లో విప్పవద్దు. ప్లగ్గు తీసిన తరువాత కూడా అందులోని కెపాసిటర్లలో విద్యుత్తు నిలిచి ఉంటుంది.

వేడి సంగతి కొంచెం వివరంగా చెప్పాలి, ఎందుకంటే మన ఊళ్లలో కన్సోళ్లు ఎక్కువగా పాడయ్యేది దీనివల్లనే. మూడు పక్కలా మూసి ఉన్న టీవీ స్టాండు అరలో, ఏప్రిల్ ఎండల్లో, ఏసీ లేని గదిలో నాలుగు గంటలు ఆడితే ఫ్యాను విమానం లేచినట్టు మోగుతుంది. ఆ మోత లోపం కాదు, లోపల గాలి ఆడటం లేదన్న మొర. కొన్నేళ్లకు ప్రాసెసర్‌కూ, దాని వేడిని బయటికి లాగే హీట్‌సింక్ అనే లోహపు దిమ్మెకూ మధ్య వేడిని చేరవేసే థర్మల్ పేస్ట్ ఎండి పెళుసుబారుతుంది, హీట్‌సింక్ రెక్కల మధ్య దుమ్ము దూదిలా పేరుకుంటుంది. ఇంకా మనసుకు ఇబ్బందిగా ఉన్నా చెప్పక తప్పని విషయం బొద్దింకలు. పీఎస్4 గాలి రంధ్రాలు వెడల్పుగా, లోపల పవర్ సప్లై వెచ్చగా ఉండటంతో అవి అక్కడ కాపురం పెడతాయి. అమెరికాలో మరమ్మతు దుకాణాలవారు కూడా ఈ సమస్య గురించి పత్రికలకు చెప్పారు. ఉక్కపోత ఎక్కువగా ఉండే మన కోస్తా జిల్లాల్లో చెప్పనవసరమే లేదు. ఇలాంటి యంత్రాన్ని పూర్తిగా విప్పి, శుభ్రం చేసి, కొత్త పేస్ట్ రాయించడం అతి తక్కువ ఖర్చుతో అత్యధిక ఫలితమిచ్చే మరమ్మతు. అప్పుడప్పుడు దానంతట అదే ఆగిపోయే కన్సోల్‌ను చెడిపోయిందని తీర్మానించే ముందు ఇది ఒక్కసారి చేయించి చూడాలని నా గట్టి అభిప్రాయం.

ఆట డిస్క్‌ను తీసుకోకపోవడం, తీసుకున్నా చదవకపోవడం లాంటివి రబ్బరు రోలర్లు, లేజర్ లెన్స్ మార్చడంతో పోతాయి. తొలి నమూనాలలో డిస్క్ డ్రైవ్‌కు ఉండే చిన్న సర్క్యూట్ బోర్డు అదే కన్సోల్ మదర్‌బోర్డుతో జతచేసి ఉంటుంది. వేరే కన్సోల్ డ్రైవ్‌ను మొత్తంగా తెచ్చి పెడితే ఆటలు నడవవు. పాత బోర్డును ఉంచి మిగతా భాగం మాత్రమే మార్చాలన్న సంగతి మరమ్మతు చేసేవారికి తెలుసో లేదో అడగడం మంచి పరీక్ష.

వదిలేయవలసిన సందర్భాలు

2005 నవంబరులో వచ్చిన మైక్రోసాఫ్ట్ కన్సోల్ ఎక్స్‌బాక్స్ 360 చరిత్ర తెలిస్తే ఈ భాగం సులభంగా అర్థమవుతుంది. పవర్ బటన్ చుట్టూ మూడు ఎర్ర దీపాలు వెలిగి ఆ యంత్రాలు పెద్ద ఎత్తున ఆగిపోయాయి. 2007 జూలైలో మైక్రోసాఫ్ట్ ఈ లోపానికి వారంటీని మూడేళ్లకు పొడిగించి, వంద కోట్ల డాలర్లకు పైగా ఖర్చును తన పద్దుల్లో రాసుకోవలసి వచ్చింది. అప్పట్లో కన్సోల్‌కు తువ్వాలు చుట్టి వేడెక్కించడం, బోర్డును వేడి గాలితో కాల్చడం లాంటి చిట్కాలు ప్రపంచమంతటా పాకాయి. వాటితో యంత్రం కొన్ని రోజులు లేచి నడిచేది, మళ్లీ పడిపోయేది. చిప్‌కూ బోర్డుకూ మధ్య ఉన్న సోల్డరు పగిలిందని అందరూ అనుకున్నారు. కంపెనీ ఇంజినీర్లు తరువాత చెప్పినదాని ప్రకారం, వేడెక్కడం చల్లబడటం మాటిమాటికీ జరగడంతో పగిలినవి చిప్ లోపలి అతుకులు. పైనుంచి ఎంత వేడి చేసినా లోపలి పగులు శాశ్వతంగా అతుక్కోదు.

ఇప్పటికీ మరమ్మతు దుకాణాల్లో "చిప్ రీఫ్లో చేస్తాం" (ఉన్న సోల్డరునే కరిగించి అతికించడం), "రీబాల్ చేస్తాం" (చిప్‌ను తీసి కొత్త సోల్డరుతో అతికించడం) అనే మాట వినిపిస్తుంది. పనితనం ఉన్నవారు చేసిన రీబాలింగ్ కొన్నిసార్లు నిలుస్తుంది, కాదనను. కానీ పదేళ్ల కన్సోల్‌లో ప్రధాన ప్రాసెసర్ మీద అనుమానం వచ్చాక దాని మీద పెట్టే ప్రతి రూపాయీ తిరిగి రాదనుకునే పెట్టాలి. అలాగే నీళ్లో కాఫీనో ఒలికి, వెంటనే విప్పి శుభ్రం చేయకుండా వారాలు గడిచిన బోర్డు. ఇంతకు ముందే రెండు మూడు చేతులు మారి, అక్కడక్కడా కాలిన మచ్చలు, తెగిన గీతలు ఉన్న బోర్డు. మదర్‌బోర్డే మార్చాలని నిపుణుడు తేల్చిన యంత్రం, ఇవన్నీ వదులుకోవలసినవే. మదర్‌బోర్డు మార్చిన పీఎస్4 పేరుకు మన పెట్టె అయినా నిజానికి వేరే కన్సోల్. హార్డ్ డిస్క్ మీది సమాచారం పాత బోర్డు తాళంతో భద్రపరచి ఉంటుంది కాబట్టి కొత్త బోర్డు దాన్ని చదవలేదు. అంత ఖర్చు పెట్టి మన సేవ్‌లు కూడా దక్కనప్పుడు, బాగున్న సెకండ్ హ్యాండ్ పీఎస్4 కొనడమే తెలివైన పని.

లోపల ఉన్నది ఏమవుతుంది

కన్సోల్ మార్చాలనే నిర్ణయం ఖాయమైనా, ఒక్కసారి పాతదాన్ని లేపగలిగితే లేపమని నేను చెబుతాను. ఇంట్లో పిల్లవాడు మూడేళ్లుగా కట్టుకున్న క్రికెట్ కెరీర్, సెలవుల్లో అన్నదమ్ములు కలిసి ఆడుకున్న ఫుట్‌బాల్ జట్టు బయటివారికి లెక్కలోకి రాకపోవచ్చు. ఆ ఇంటివారికి అవి విలువైనవి. డబ్బు కట్టి ప్లేస్టేషన్ ప్లస్ సభ్యత్వం తీసుకున్నవారి సేవ్‌లు క్లౌడ్‌లో, అంటే ఇంటర్నెట్ ద్వారా సోనీ దగ్గర, ఉంటాయి. లేనివారికి పీఎస్4లో ఒక సౌకర్యం ఉంది: సేవ్‌లను పెన్‌డ్రైవ్‌లోకి నకలు తీసుకోవచ్చు. దానికి కన్సోల్ ఒక పూట పనిచేస్తే చాలు. ఆ నకలును పీఎస్5లో పీఎస్4 ఆటల కోసం తిరిగి వాడుకోవచ్చు. కాబట్టి హార్డ్ డిస్క్ బాగానే ఉండి పోర్టు మాత్రమే విరిగిన యంత్రాన్ని, పీఎస్5 కొన్న తరువాత కూడా, సేవ్‌ల కోసం బాగు చేయించడం వృథా ఖర్చు కాదు. పీఎస్5లో ఆడే పీఎస్5 ఆటల సేవ్‌లను మాత్రం ఇలా విడిగా పెన్‌డ్రైవ్‌లోకి నకలు తీసుకునే సౌకర్యం లేదు, సులువైన దారి క్లౌడే. రేపు పీఎస్5 కొనబోయేవారు ఈ సంగతి ఈ రోజే తెలుసుకోవాలి.

ఆటల విషయానికి వస్తే, స్టోర్‌లో కొన్న డిజిటల్ ఆటలు కన్సోల్‌కు కాక మన అకౌంట్‌కు చెందినవి. పెట్టె మారినా మనవే. డిస్కులు ఎవరి చేతిలో ఉంటే వారివి, అమ్ముకోవచ్చు, ఇచ్చిపుచ్చుకోవచ్చు. నాలుగు వేలకు పైగా ఉన్న పీఎస్4 ఆటల్లో అతి కొద్ది తప్ప అన్నీ పీఎస్5లో నడుస్తాయి. అయితే డిస్కులు నడవాలంటే డిస్క్ డ్రైవ్ ఉన్న పీఎస్5 కావాలి. అరలో ముప్పై డిస్కులు పెట్టుకుని, కొంత ధర తగ్గుతుందని డిస్క్ డ్రైవ్ లేని డిజిటల్ ఎడిషన్ కొని, వాటిని అక్కరకు రాని వస్తువులుగా మార్చుకున్న మిత్రుడొకరు నాకున్నారు. పీఎస్5 స్లిమ్ నమూనాకు డ్రైవ్‌ను విడిగా కొని తగిలించుకునే వీలుంది గానీ, తగిలించిన తొలిసారి ఇంటర్నెట్ ద్వారా జతచేయాలి, మొత్తం ఖర్చు డిస్క్ ఎడిషన్‌కు తక్కువేమీ కాదు. పీఎస్4తో వచ్చిన పాత డ్యూయల్‌షాక్ 4 కంట్రోలర్లు కూడా పీఎస్5లో పీఎస్4 ఆటలకే పనిచేస్తాయి, కొత్త ఆటలకు పనిచేయవు. నలుగురు ఆడే ఇంట్లో కంట్రోలర్ల ఖర్చు కూడా లెక్కలో చేర్చుకోవాలి.

ఏ ధరను ఏ ధరతో పోల్చాలి

మరమ్మతు ఖర్చును కొత్త పీఎస్5 ధరతో పోలిస్తే మరమ్మతు ఎప్పుడూ చవకగానే కనిపిస్తుంది. అది తప్పు కొలత. పోల్చవలసినది పనిచేసే స్థితిలో ఉన్న అదే నమూనా సెకండ్ హ్యాండ్ ధరతో. మన పీఎస్4 స్లిమ్ లాంటిదే మరొకటి, కంట్రోలర్‌తో సహా, ఊళ్లో ఎంతకు దొరుకుతోందో ముందు కనుక్కోవాలి. మరమ్మతు దానిలో మూడో వంతు లోపు ఉంటే నేను రెండో ఆలోచన లేకుండా బాగు చేయిస్తాను. సగం దాటితే, సేవ్‌ల అవసరం ఉంటే తప్ప చేయించను. రెంటికీ మధ్య ఉన్నప్పుడు ఆ యంత్రం చరిత్ర చూస్తాను: ఒకరి చేతిలోనే ఉండి, ఎప్పుడూ విప్పని కన్సోల్ అయితే బాగు చేయించడం వైపు, గతంలో ఒకసారి ఆగిపోయి లేచినదైతే మార్చడం వైపు మొగ్గుతాను.

"కొన్నాళ్లు ఆగితే పీఎస్5 ధర తగ్గుతుంది కదా, అప్పటిదాకా దీన్ని నెట్టుకొద్దాం" అనే ఆలోచన పాత తరాల అనుభవం నుంచి వచ్చినది. ఈ తరంలో అది నిజం కాలేదు. 2021 ఫిబ్రవరిలో పీఎస్5 మన దేశంలోకి వచ్చినప్పుడు డిస్క్ ఎడిషన్ 49,990, డిజిటల్ ఎడిషన్ 39,990 రూపాయలు. 2024 ఏప్రిల్‌లో పీఎస్5 స్లిమ్ వచ్చేసరికి అవి 54,990, 44,990 అయ్యాయి. అమెరికాలోనూ 2025 ఆగస్టులో ధర యాభై డాలర్లు పెరిగింది. పండుగ రోజుల తగ్గింపులు అప్పుడప్పుడు వస్తాయి, వాటి కోసం దసరా దాకానో దీపావళి దాకానో ఆగవచ్చు; అంతకు మించి ధర దానంతట అదే దిగుతుందని నమ్ముకుని కూర్చోవడం నాకు సమ్మతం కాదు.

మారడానికి బలమైన కారణం ధర కాదు, ఆడాలనుకునే ఆట. పెద్ద ఆటలు ఒకటొకటిగా పీఎస్4ను వదిలి వెళుతున్నాయి. గ్రాండ్ తెఫ్ట్ ఆటో 6ను పీఎస్5కూ ఎక్స్‌బాక్స్ సిరీస్ యంత్రాలకూ మాత్రమే ప్రకటించారు. ఇంట్లోవారు ఎదురుచూస్తున్నది అలాంటి ఆట అయితే, పీఎస్4 మీద పెట్టే ఖర్చును తగ్గించి ఆ డబ్బును పీఎస్5కు దాచుకోవాలి. అదే, ఇంట్లో ఆడేది పాత క్రికెట్, ఫుట్‌బాల్, కార్ల పందేలు మాత్రమే అయితే, బాగు చేయించిన పీఎస్4 ఇంకా కొన్నేళ్లు ఏ లోటూ లేకుండా పనికొస్తుంది. తక్కువ ధరకు ఎక్స్‌బాక్స్ సిరీస్ ఎస్ దొరుకుతుందని అటు మళ్లేవారు ఒకటి గమనించాలి: దానికి డిస్క్ డ్రైవ్ లేదు, ప్లేస్టేషన్ అకౌంట్‌లో కొన్నవేవీ అందులోకి రావు, అంటే మొదటి నుంచి మొదలుపెట్టడమే.

సెకండ్ హ్యాండ్ కొనేటప్పుడు "వంద ఆటలు ఎక్కించి ఇస్తాం" అనే ప్రకటనలకు లొంగకూడదు. అవి సాఫ్ట్‌వేర్ తాళం పగలగొట్టిన యంత్రాలు. దొంగ నకళ్లను నడపడానికి చేసినవి. వాటితో ఆన్‌లైన్‌కు వెళితే కన్సోల్‌నూ అకౌంట్‌నూ సోనీ నిషేధించే ప్రమాదం ఉంది, అప్‌డేట్ చేస్తే ఆ ఆటలు ఆగిపోతాయి. కొనబోయే యంత్రంలో మన అకౌంట్‌తో లాగిన్ అయి, ఒక డిస్క్ పెట్టి, బరువైన ఆట ఏదైనా అరగంట ఆడి, ఫ్యాను మోతా వేడీ చూసి, అప్పుడే డబ్బు ఇవ్వాలి. ఇంటి నుంచి ఒక డిస్క్ పట్టుకెళ్లడం మరవద్దు.

పీఎస్3, పీఎస్5 ఉన్నవారికి

పీఎస్3 విషయంలో నా సలహా తిరగబడుతుంది. పీఎస్3 డిస్కులు పీఎస్4లోనూ నడవవు, పీఎస్5లోనూ నడవవు. అంటే దానికి బదులుగా కొనదగిన కొత్త యంత్రమే లేదు. ఆ డిస్కుల మీద ప్రేమ ఉన్నవారికి ఉన్నవి రెండే దారులు, ఉన్నదాన్ని బాగు చేయించుకోవడం, లేదా మరో పాత పీఎస్3ని వెతుక్కోవడం. ఇలాంటి యంత్రాన్ని ధర చూసి పారేయకూడదు. 2024 జూలై 29న ఎక్స్‌బాక్స్ 360 స్టోర్ మూతపడినప్పటి నుంచి ఆ కన్సోల్ మీద కొత్తగా ఆటలు కొనుక్కునే వీలు పోయింది. పాత తరాల డిస్కులు చేతిలో ఉన్నవారు వాటి విలువ తెలుసుకోవాలి.

పీఎస్5 పాడైతే మొదట చూడవలసినది బిల్లు మీది తేదీ. వారంటీ గడువు మిగిలి ఉంటే స్థానిక దుకాణంలో స్క్రూ కూడా విప్పించకుండా అధికారిక సర్వీస్ సెంటర్‌కే వెళ్లాలి. గడువు దాటినా, దీన్ని అందరి చేతా విప్పించకూడదు. పీఎస్5 ప్రాసెసర్ మీద మామూలు పేస్ట్‌కు బదులు ద్రవ లోహం ఉంటుంది. అది విద్యుత్తును ప్రవహింపజేస్తుంది, అల్యూమినియాన్ని తినేస్తుంది. ఒక చుక్క పక్కకు జారినా బోర్డు పోతుంది. పైగా ఎస్‌ఎస్‌డీ చిప్పులు బోర్డుకే అతికించి ఉంటాయి కాబట్టి పీఎస్4లో లాగా డిస్క్ మార్చి గట్టెక్కే వీలు లేదు. విడి స్లాట్‌లో పెట్టుకునే ఎం.2 ఎస్‌ఎస్‌డీ అదనపు నిల్వకే. హెచ్‌డీఎంఐ పోర్టు, ఫ్యాను, డిస్క్ డ్రైవ్ వరకు నిశ్చింతగా బాగు చేయించవచ్చు. కొత్తదాని ధర ఇంత ఎక్కువగా ఉన్నప్పుడు ఈ మరమ్మతులు దాదాపు ఎప్పుడూ లాభమే.

అమెరికా నుంచి బంధువులు తెచ్చిన కన్సోళ్లకు వారంటీ సాధారణంగా కొన్న ప్రాంతానికే పరిమితం. 2024 నవంబరులో వచ్చిన పీఎస్5 ప్రో, మన దేశంలో అప్పటికి 6 గిగాహెర్ట్జ్ వైఫైకి అనుమతి లేకపోవడంతో ఇక్కడ విడుదల కాలేదు; అక్కడి నుంచి తెప్పించుకున్నవారు పాడైతే ఎవరు చూస్తారన్నది ముందే ఆలోచించుకోవాలి. అమెరికాలోనే ఉంటున్న తెలుగువారికి ఒక సంగతి ఉపయోగపడుతుంది: స్టిక్కరు చిరిగితే వారంటీ పోతుందనడం అక్కడి చట్టానికి విరుద్ధం కావచ్చని అక్కడి ప్రభుత్వ సంస్థ ఫెడరల్ ట్రేడ్ కమిషన్ 2018లో సోనీ, మైక్రోసాఫ్ట్, నింటెండో సహా ఆరు కంపెనీలను హెచ్చరించింది.

ఎవరి చేతికి ఇవ్వాలి

ఈ మాటలన్నీ రాయడానికి నాకు ఒక చేదు అనుభవం కారణం. మా పీఎస్4 స్లిమ్‌లో బొమ్మ రాకపోతే, ఇంటికి దగ్గర కదా అని ఫోన్లు బాగు చేసే ఒక దుకాణంలో ఇచ్చాను. కావలసినది పోర్టు మార్చడం ఒక్కటే. వారు అవసరానికి మించి వేడి పెట్టి పాత పోర్టును లాగేశారు, దానితో పాటు బోర్డు మీది సన్నని రాగి గీతలు కూడా లేచి వచ్చాయి. కొండ నాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడినట్టయింది. చివరకు ఒక పనిమంతుడు మైక్రోస్కోపు కింద వెంట్రుకంత తీగలు పరిచి ఆ గీతలను తిరిగి కలిపారు. మొదటి దుకాణానికి ఇచ్చినదానికి నాలుగింతలు ఇచ్చుకోవలసి వచ్చింది. పిల్లల సేవ్‌లు దక్కాయి, అదే నాకు ఊరట.

అప్పటి నుంచి ఎవరికైనా నేను చెప్పేది, ఇవ్వబోయే ముందు నాలుగు ప్రశ్నలు అడగమని. లోపం కనుక్కోవడానికి విడిగా ఎంత తీసుకుంటారు, బాగు కాకపోతే ఎంత తీసుకుంటారు. కన్సోళ్ల బోర్డులు ఇక్కడే చేస్తారా, బయటికి పంపుతారా. చేసిన పనికి ఎన్నాళ్ల పూచీ. తీసిన పాత భాగం తిరిగి ఇస్తారా. ఈ చివరి ప్రశ్నకు తడబడే చోట నేను ఇవ్వను. విప్పే ముందు బోర్డు ఎలా ఉందో, విప్పాక ఎలా ఉందో ఫోటోలు పంపమని అడగడంలో మొహమాటం అక్కరలేదు. మంచి పనివారు అడగకుండానే పంపుతారు. హైదరాబాదు వాసులకు సికింద్రాబాదు ప్యారడైజ్ దగ్గరి కంప్యూటర్ దుకాణాల మధ్య, చెన్నైలో ఉండేవారికి రిచీ స్ట్రీట్‌లో, బెంగళూరు వారికి ఎస్పీ రోడ్డులో ఇలాంటి పనివారి ఆచూకీ దొరుకుతుంది. చిన్న ఊళ్లవారు కొరియర్‌లో పంపవలసి వస్తే, క్రమసంఖ్య కనిపించేలా వీడియో తీసుకుని, హార్డ్ డిస్క్ అవసరం లేని మరమ్మతు అయితే దాన్ని తీసి ఇంట్లోనే ఉంచుకోవాలి. వారంటీ ఉండి కూడా సర్వీస్ సెంటర్ కారణం చెప్పకుండా తిరస్కరిస్తే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేయవచ్చు.

ఇక వదిలేయాలని తేలిన యంత్రాన్ని అటక మీదికి ఎక్కించే ముందు, ప్లేస్టేషన్ వెబ్‌సైట్‌లోకి వెళ్లి మన అకౌంట్ నుంచి ఆ కన్సోల్‌ను డీయాక్టివేట్ చేయాలి. హార్డ్ డిస్క్‌ను, పవర్ కేబుల్‌ను, కంట్రోలర్లను తీసి ఉంచుకోవాలి. ఆ డిస్క్‌ను ఫార్మాట్ చేసి కంప్యూటర్‌కు వాడుకోవచ్చు. మిగిలిన పెట్టెను విడిభాగాల కోసం మరమ్మతు దుకాణాలే కొంటాయి. పనిచేసే పవర్ సప్లై, డిస్క్ డ్రైవ్, ఫ్యాను ఉన్న చచ్చిన పీఎస్4 వారికి పనికొచ్చే సరుకు. వారు కూడా వద్దంటే పాత సామాన్లవాళ్లకు వేయకుండా, 2023 ఏప్రిల్ నుంచి అమలులో ఉన్న ఈ-వ్యర్థాల నియమాల కింద నమోదైన సేకరణ కేంద్రానికి అప్పగించాలి. వీడియో గేమ్ యంత్రాలు ఆ నియమాల జాబితాలో ఉన్నాయి.